సుషేణుని నేలపై శిశువుల జఠరాగ్ని

టెక్కలి సమీపమున రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి పైకప్పు లేకుండ, ఎండకూ వానకూ తడుస్తూ వెలసియున్నాడు. స్థలపురాణము ప్రకారం లంకాయుద్ధానంతరం వానరవైద్యుడైన సుషేణుడు ఓషధీసమృద్ధమైన ఈ కొండపై తపమాచరించి, ప్రజల రోగములు మాన్పుతూ ఇచ్చటనే దేహత్యాగము చేశాడు. హనుమంతుడు ఆ దేహమును మల్లెపూలతో, జింకచర్మముతో కప్పాడు; శ్రీరాముడు వచ్చి చర్మము తొలగించగా శివలింగము దర్శనమిచ్చినదట. చరిత్రకారుడు సాక్ష్యమడుగవచ్చును. కాని వైద్యుని సమాధిస్థలమే శివక్షేత్రమైనదని నమ్మిన నేల ఇది.

ఈ ప్రాంతపు వంటింట ఒక ఔషధకల్పన వంటిది ఉండేది. పలాస జీడితోటల నుండి సోంపేట, కవిటి కొబ్బరితోటల వరకు గల ఉద్దానములో, సమస్త ఉత్తరాంధ్రలో, గంజిని మట్టికుండలో పులియబెట్టి తరవాణి చేసేవారు. సంస్కృత వైద్యగ్రంథములలోని కాంజికము దీనికి బంధువే. సరిహద్దు దాటితే ఒడియా వారి పఖాళ. పూరీ జగన్నాథునికి సైతం అది నివేదనమగును.

భగవద్గీత పదునైదవ అధ్యాయమున భగవానుడు ప్రాణుల దేహములలో వైశ్వానరుడై అన్నమును పచనము చేయువాడను తానేనన్నాడు. ఆయుర్వేదము ఆ అగ్ని నివాసమును గ్రహణి అన్నది. చరకసంహిత చికిత్సాస్థానపు గ్రహణీ అధ్యాయము మజ్జిగను ఆ రోగమునకు శ్రేష్ఠమని, దీపనమని, లఘువని కీర్తించింది. సుశ్రుతుడు బాలురను క్షీరపులు, క్షీరాన్నాదులు, అన్నాదులు అని మూడు దశలుగా విభజించి, ఆరవ మాసమున లఘువైన, హితమైన అన్నము పెట్టుమన్నాడు. ఆచార్యులకు సూక్ష్మజీవులు తెలియునని కొందరు నేడు వాదిస్తారు. అది వారికి అక్కరలేని గౌరవము. వారు ఫలమును చూశారు, కారణమునకు అగ్ని అని పేరు పెట్టారు.

ఆ కారణములో ఒక భాగము పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనబడింది. 1899లో హెన్రీ టిస్సియే తల్లిపాలు త్రాగు శిశువుల మలమున బిఫిడో బాక్టీరియాను గుర్తించాడు. మెచ్నికోఫ్ 1907 నాటి గ్రంథమున పులిసిన పాలను ప్రశంసించాడు. ప్రోబయోటిక్ అను మాటకు వంశమూలము ఇదే.

తెలుగువారికి ఈ చరిత్ర మరింత సమీపము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరిని కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణీరోగము బలిగొన్నది. తానూ ఆ రోగమున పడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తదుపరి బోస్టన్ చేరాడు. 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించింది; 1948లో అచ్చటి నుండే తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వెలువడింది. ఉష్ణమండల స్ప్రూకు నేటికీ ప్రధాన చికిత్స ఈ రెండే: లోపించిన విటమిన్‌ను అందించుట, ప్రేగులో మితిమీరిన క్రిములను అణచుట. ప్రేగులోని సూక్ష్మజీవులు మిత్రులే కారు, స్థానము తప్పితే శత్రువులూ అగునని ఈ రోగము చూపినది.

2017లో ఒడిశా గ్రామములలో 4,556 మంది నవజాతులపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడినవి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి ఆహారమైన చక్కెరను ఏడు దినములు ఇవ్వగా, రక్తదూషణము లేక మరణము 9 శాతము నుండి 5.4 శాతమునకు తగ్గినది. అది అజీర్ణమునకు చేసిన పరీక్ష కాదు. ఒక్క జాతి బాక్టీరియా సాధించిన ఫలము అంగడిలోని ప్రతి పొట్లమునకూ వర్తించదు. నెలలు నిండని శిశువులకు ప్రోబయోటిక్స్ ప్రమాదము కావచ్చునని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది.

ఎంజైముల సంగతి ఇంకను సంకుచితము. క్లోమము రసము స్రవించని బిడ్డకు అవి ప్రాణాధారము. పాలచక్కెర అరగనివానికి లాక్టేజ్ ఉపశమనము. మిగిలిన వారికి అవి చేయు మేలుకు ఆధారము స్వల్పము. ఆరు మాసములు నిండువరకు శిశువుకు తల్లిపాలే చాలును, తరవాణియు వలదు. తదుపరి మజ్జిగ పలుచన చేయు నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. బరువు పెరగకున్నను, మలమున రక్తము కనిపించినను, రాత్రి నిద్ర చెడునంత నొప్పి యున్నను ఇంటి మందులను ఆపి శిశువైద్యునికి చూపవలెను.