పాడే నావికుడు, అరిగిన ప్లేటు

ఈ వారం పాత పాటల ప్లేట్ల ముచ్చట. కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి.

మనం పని చేసే ఈ ఒమాన్‌లోనే సూర్ అనే రేవు పట్నం ఉంది. చెక్క ఓడలు కట్టడంలో పేరున్న ఊరు. అక్కడ పుట్టిన సాలిం రాషిద్ సూరీ ఓడ పనికి పోయి, బొంబాయి చేరిండు. 1930లలో అక్కడ ఆయన పాటలు గ్రామఫోను రికార్డులకెక్కాయి. 'పాడే నావికుడు' అని పేరు పడ్డది. అప్పుడు వలస దారి ఇటు నుంచి అటు! 1970 దాకా మస్కట్‌లో నడిచింది కూడా రూపాయే. మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసమని విడిగా ఆ నోట్లు తెచ్చింది. సూరీ తర్వాత బహ్రెయిన్‌లో బతికి, సుల్తాన్ ఖాబూస్ వచ్చాక సొంత దేశం చేరి, 1979లో కన్నుమూసిండు.

అమెరికాలోనూ ఇలాంటి మనిషే ఒకడు, జిమ్మీ రాడ్జర్స్. రైలుబండి బ్రేకుల దగ్గర పని చేసినవాడు. 1927లో విక్టర్ కంపెనీకి మొదటి పాట పాడిండు. విక్టర్ ప్లేటు మీద, మన హెచ్.ఎం.వి. ప్లేటు మీద బొమ్మ ఒక్కటే: గ్రామఫోను ముందు చెవి రిక్కించిన కుక్క. ఆయన పాటలను కంట్రీ మ్యూజిక్ అంటారు. మన లెక్కలో పల్లెజనం పాట.

మనకూ ఆ సంపద ఉంది. కలకత్తాలో 1908లో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టారు. హరిశ్చంద్ర పద్యాలు, చింతామణి నాటకం మన ఊళ్లకు ప్లేట్ల మీదే వచ్చాయి. పాతవి లక్కతో చేసినవి, ఒక్కో వైపు మూడు నిమిషాలు. తర్వాత వినైల్ ఎల్పీలు, వైపుకు ఇరవై నిమిషాల పైనే. ఘంటసాల పోయిన 1974లోనే వచ్చిన భగవద్గీత ఆ ఎల్పీల కాలంలోదే. ఊళ్లో ఎవరైనా పోతే మైకులో ఇప్పటికీ అదే గొంతు.

ఇప్పుడు కొనుడు సంగతి. ప్లేట్లకు గ్రేడులుంటాయి. అమెరికాలో గోల్డ్‌మైన్ అనే పత్రిక లెక్కనే చాలామంది వాడతారు. పైన మింట్, అంటే చెయ్యి పడనిది. తర్వాత నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, అడుగున పూర్. 'గుడ్' అని రాస్తే బాగుందనుకునేరు, బాగా అరిగిందని అర్థం! ప్లేటును బల్బు కింద ఏటవాలుగా పట్టి చూడాలి. గోరుకు తగిలే గీత పాటలో టక్కుమంటది. నడిమి రంధ్రం చుట్టూ గీతలుంటే ఎన్నోసార్లు ఎక్కించి దించినట్టు. లక్క ప్లేటు గాడులు బూడిదరంగు తేలితే ఇనుప ముల్లు తిన్నట్టు. ప్రతి వైపుకూ కొత్త ముల్లు వేయాలన్నది రూలు, కానీ మన ఇళ్లల్లో ఒక్క ముల్లుతోనే ఎన్ని పాటలు నడిచాయో! లక్క ప్లేటును స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, కరిగిపోతది.

ఇక్కడే మేం చెప్పదలిచిన మాట. ఈ గ్రేడు ఏం కొలుస్తుంది? ఎంత తక్కువ వాడారో కొలుస్తుంది. బీరువాలో పడుకున్న ప్లేటుకు పెద్ద గ్రేడు. నలుగురు కూర్చొని, కన్నీళ్లు పెట్టుకొని వందసార్లు విన్నదానికి చిన్న గ్రేడు. పైసలు ఇచ్చేటప్పుడు గ్రేడు చూడాల్సిందే, మోసపోవద్దు. కానీ పారేసేటప్పుడు గ్రేడు చూడొద్దు. ఒక పాటకు మిగిలిన ప్లేటు ఆ అరిగినదొక్కటే కావచ్చు.

మన ముందుతరం గల్ఫోళ్లు ఫోన్లు లేని రోజుల్లో క్యాసెట్లలో మాటలు నింపి ఇంటికి పంపేవాళ్లు. వాటికి ఏ పత్రికలోనూ గ్రేడు లేదు, రేటూ లేదు. సూరీ గొంతు నల్లటి ప్లేటు మీద నిలిచింది. మన నాయిన, పెదనాయినల గొంతు అటక మీద డబ్బాలో ఉంటది. ఈసారి సెలవుకు పోయినోళ్లు పాత ఇనుప సామానోడు వచ్చేలోపు అటక ఎక్కి చూడండి. ఏం దొరికిందో కింద రాయండి.