సిమెంటులో బిగించిన రేడియోధార్మిక వ్యర్థములు

అణు రియాక్టరులు, వాటి ఇంధనమును శుద్ధిచేయు కర్మాగారములు, పరిశోధనశాలలు, కాన్సరు ఆసుపత్రులు పనిచేయునప్పుడు కొంత చెత్త మిగులును. చేతి తొడుగులు, తుడిచిన గుడ్డలు, కడిగిన నీరు, ఆ నీటిని శుభ్రపరచిన రెజిన్ పూసలు, నీటిని ఆవిరిచేయగా అడుగున మిగిలిన మడ్డి - ఇట్టి వాటిలో రేడియోధార్మికత స్వల్పము. వాడిన ఇంధనమువలె ఇవి వేడెక్కవు. కాని వీటి పరిమాణము చాల ఎక్కువ. వీటివలన వచ్చు ముఖ్యమైన ప్రమాదము నీటి ద్వారా వచ్చును. భూమిలోని నీరు వీటిని తాకి, కరగించుకొని, ఊటగాను వాగుగాను ప్రవహించి, చివరకు బావిలో చేరవచ్చును. నీటికి అందకుండ ఈ ధాతువులను ఎట్లు పట్టియుంచవలెను? ఇందుకు సిమెంటును ఎన్నుకొనుట నేడు మనకు సహజముగా తోచును. మొదట సిమెంటును తెచ్చినది మాత్రము ఈ పనికి కాదు.

1946లో అమెరికా తన వ్యర్థములను సముద్రములో పారవేయుట ప్రారంభించినది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పశ్చిమమున ఫరలాన్ అను చిన్న దీవులున్నవి. 1970 వరకు ఆ ప్రాంతములో 47,000 పైగా పీపాలను వేసిరి. వాటిలో ఎక్కువ భాగము 55 గాలనుల ఉక్కు పీపాలు. చెత్త నింపి పైన కాంక్రీటు పోసెడివారు. ఎందుకు? పీపా తేలకుండ మునుగుటకు! లోపలి ధాతువులు బయటకు వచ్చినను, అంత విశాలమైన సముద్రములో కలిసి పలుచబడిపోవునని వారి ధీమా. బ్రిటను కూడ 1949లో ఇదే దారి పట్టినది. 1970 తరువాత శాస్త్రజ్ఞులు సముద్రపు అడుగును పరిశీలించగా, కొన్ని పీపాలు నీటి ఒత్తిడికి నలిగి పగిలియుండుట కనబడినది.

అయితే ఈ కథలో ఒక వింత యున్నది. 1976 జూలైలో ‘ఆల్విన్’ అను చిన్న పరిశోధక జలాంతర్గామి సహాయముతో, అట్లాంటిక్ సముద్రములో 2,800 మీటర్ల లోతున పడియున్న ఒక పీపాను పైకి తీసిరి. బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనశాలవారు దానిని పరీక్షించిరి. ఉక్కు తుప్పుపట్టి యుండెను. లోపలి కాంక్రీటు గట్టిగానే యుండెను. ఉక్కుకంటె కాంక్రీటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలము నిలుచునని వారు లెక్కకట్టిరి. ఎన్నో యేండ్లుగా బరువు రాయిగా వాడిన వస్తువే అసలైన కాపలాదారు అని తెలిసినది! అప్పటికే సముద్రపు దారి మూసుకొనుచుండెను. 1972లో లండనులో కుదిరిన ఒప్పందము 1975లో అమలులోనికి వచ్చినది. 1983లో ఒప్పందములోని దేశముల సమావేశము ఈ పనిని తాత్కాలికముగా ఆపవలెనని తీర్మానించినది. 1993లో పూర్తిగా నిషేధించిరి.

ఇక భూమి సంగతి. కెంటకీ రాష్ట్రములో మాక్సీ ఫ్లాట్స్ అనుచోట 1963లో ఒక ఖనన స్థలమును తెరచిరి. అచ్చటి నేల నీటిని సులభముగా పోనీయదు. కనుక కందకములు త్రవ్వి, చెత్త పోసి, పైన మట్టి కప్పినచో చాలునని తలచిరి. ఆ గుణమే ముప్పు తెచ్చినది. చెత్త కుళ్లి, క్రుంగి, పై కప్పు బీటలు వారినది. వాన నీరు లోనికి దిగినది గాని క్రిందికి ఇంకిపోలేదు. కందకములు స్నానపు తొట్లవలె నిండిపోయినవి. ఆ స్థలమును 1977లో మూసివేసిరి. న్యూయార్కు రాష్ట్రములోని వెస్ట్ వాలీ ఖనన స్థలము అంతకు రెండేండ్ల ముందే మూతపడినది. నేల మంచిదైనంత మాత్రమున చాలదు, పాతిపెట్టెడి వస్తువు కూడ గట్టిగా నుండవలెనని అప్పుడు తెలిసినది. 1982లో అమెరికా అణు నియంత్రణ సంఘము చేసిన నిబంధనలలో, స్వల్పస్థాయి వ్యర్థములలో కొంచెము తీవ్రమైన తరగతులవి 300 సంవత్సరములు రూపము చెడక నిలువవలెనని విధించిరి.

300 ఎందుకు? ఈ చెత్తలో ముఖ్యమైనవి సీసియం-137, స్ట్రాన్షియం-90. రెంటి అర్ధాయువు సుమారు 30 ఏండ్లు. పది అర్ధాయువులు గడచినచో మిగులునది 1,024లో ఒక వంతు. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై రెండు నిమిషములలో చూపవచ్చును. కాని మరొక లెక్కయు చూడుడు. జోసఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందినది 1824లో. ఆ సిమెంటు వయస్సే ఇంకను 300 ఏండ్లు కాలేదు. రోమనుల కట్టడములు రెండు వేల ఏండ్లుగా నిలిచియున్న మాట నిజమే, కాని వారి మిశ్రమము సున్నము, అగ్నిపర్వతపు బూడిద. అది వేరు.

సిమెంటు చేయు పని రెండు విధములు. నీరు కలిపినప్పుడు అందలి కాల్షియం సిలికేటులు నీటితో సంయోగము చెంది, జిగురు వంటి పదార్థముగా మారి గట్టిపడును. చెత్త ఆ రాతిలో ఇరుకుకొనును. ఇది యాంత్రికమైన పట్టు. రెండవది రసాయనికమైనది. గట్టిపడిన సిమెంటు సూక్ష్మ రంధ్రములలో నిలిచిన నీరు తీవ్రమైన క్షారము, పి.హెచ్. 12కు మించియుండును. అట్టి నీటిలో కోబాల్టు, ప్లుటోనియం వంటి లోహములు కరగని హైడ్రాక్సైడులుగా ఉండిపోవును. సీసియం మాత్రము మొండిది. అది సోడియం, పొటాషియముల కుటుంబములోనిది. క్షారములోను సులభముగా కరగి బయటకు జారును. అందువలన దానిని పట్టుటకు బంకమన్ను, వర్మిక్యులైటు వంటివి కలుపుదురు.

ఇతర చిక్కులును కలవు. కొన్ని రియాక్టరుల నీటిలో బోరిక్ ఆమ్లము కలిపియుండును. ఆ మడ్డిని సిమెంటులో కలిపినచో అది సరిగా గట్టిపడదు. ముందుగా సున్నము కలుపవలసి యుండును. రెజిన్ పూసలు నీటిని పీల్చి ఉబ్బి దిమ్మెను పగులగొట్టును. కనుక చెత్త ఎంత, సిమెంటు ఎంత అన్నది తాపీమేస్త్రి అంచనాతో తేలునది కాదు. దిమ్మెను నీటిలో నానబెట్టి, ఏ ధాతువు ఎంత బయటకు వచ్చినదో కొలుతురు.

ఓక్ రిడ్జ్‌వారు ఒక సాహసము చేసిరి. 1966 నుండి 1984 వరకు వ్యర్థద్రవమును సిమెంటు, బూడిద, బంకమన్నులతో కలిపి, సుమారు 300 మీటర్ల లోతున పలకరాతి పొరలను ఒత్తిడితో విడదీసి, ఆ సందులలోనికి పంపిరి. అది అచ్చటనే గట్టిపడెను. ఈ పద్ధతిని అంతగా మెచ్చుకొనలేము. ఒకసారి పంపినదానిని చూచుటకుగాని తిరిగి తీయుటకుగాని వీలులేదు గదా! సవానా రివర్‌లో 1990 నుండి వాడిన మిశ్రమము తెలివైనది. అందులో సిమెంటు పదవ వంతే, మిగిలినది ఇనుప కొలిమి చిట్టెము, బొగ్గు బూడిద. చిట్టెములోని గంధకము టెక్నీషియం-99ను కరగని రూపములోనికి మార్చును. ఈ ధాతువు అర్ధాయువు రెండు లక్షల ఏండ్లకు పైమాట. దానికి 300 ఏండ్ల లెక్క పనికిరాదు.

మన దేశములో ట్రాంబే, తారాపూరు, కల్పాక్కము మొదలగు చోట్ల ఈ వ్యర్థములను సిమెంటుతో గట్టిపరచి, ఇనుప కడ్డీల కాంక్రీటు కందకములలో నుంచుచున్నారు.

ఫ్రాన్సులో లాహేగ్ కర్మాగారము ప్రక్కన 1969లో తెరచిన మాన్ష్ కేంద్రము 1994లో నిండినది. అచ్చట 5,27,000 ఘన మీటర్ల వ్యర్థములున్నవి. తొలినాళ్లలో కొన్ని వ్యర్థములను వట్టి మట్టి కందకములలో ఉంచిరి. 1976లో ట్రిటియం సమీపపు వాగులోనికి చేరినది. ట్రిటియం ఉదజనియే. అది నీటి రూపములోనే కదలును గనుక దానిని ఆపుట సిమెంటుకు కూడ కష్టమే. ఆ అనుభవముతో 1992లో ప్రారంభించిన ఓబ్ కేంద్రమును కాంక్రీటు గదులుగా కట్టి, వాటి క్రింద సొరంగములు వేసి, ఏ గదినుండి చుక్క జారినను తెలియునట్లు ఏర్పాటు చేసిరి. మాన్ష్ గుట్టపై తారు పొర పరచి, మట్టి వేసి, గడ్డి పెంచిరి. ఏ పీపాలో ఏమున్నదో తెలుపు పత్రములను చిరకాలము నిలుచు ప్రత్యేకమైన కాగితముపై అచ్చువేసి, ఒక ప్రతిని ఆ కేంద్రములోను, మరొక ప్రతిని ఫ్రెంచి జాతీయ పత్రాగారములోను భద్రపరచిరి.