పొగలేని సరకు బాట: బకింగ్‌హాం కాలువ

చెన్నపట్టణమున తరతరములుగా నివసించు తెలుగువారమగు మనకు బకింగ్‌హాం కాలువ యన్న నేడు మురుగునీరే తలపునకు వచ్చును. కాని మన తాతముత్తాతల యిండ్లకు శ్రీహరికోట అడవుల వంటచెరకును, కోస్తా బియ్యమును, ఉప్పును తెచ్చిన బాట అదియే.

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో బాసిల్ కొక్రేన్ అను బ్రిటిషు వర్తకుని పూనికతో చెన్నపట్టణమునుండి ఎన్నూరు దిశగా ఈ కాలువ మొదలయ్యెను. పిమ్మట పులికాటు సరస్సువరకు సాగెను. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. 1877-78 నాటి మహాక్షామమున ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై కూవం, అడయారు నదులను కలుపు భాగము త్రవ్వబడెను. కాలువకు గవర్నరుగారి పేరు దక్కెను. త్రవ్విన కూలీల పేర్లు మనకు దక్కలేదు.

పెదగంజామునుండి మరక్కాణమువరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువతో కలియుటచే, కృష్ణా గోదావరి డెల్టా కాలువల మీదుగా కాకినాడవరకు జలమార్గ మేర్పడెను. గాలి యున్నప్పుడు తెరచాప, లేనప్పుడు గడ, లేదా గట్టువెంట నడచుచు తాడు లాగు మనుష్యులు. పొగ లేకున్నను వారి శ్రమ తక్కువది కాదని మరువరాదు.

రైళ్లు, లారీలు వచ్చిన కొలది పడవ వెనుకబడెను. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను మిక్కిలి దెబ్బతీసెను. పిమ్మట నగరములో రైలుమార్గపు స్తంభములు కాలువలోనే నిలిచెను. సరకు రోడ్డెక్కెను, దానితో డీజిలు పొగయు మన వీధులకు వచ్చెను.

ఒక లీటరు ఇంధనముతో లారీ 24 టన్నులను, రైలు 85 టన్నులను, పడవ 105 టన్నులను ఒక కిలోమీటరు దూరము చేర్చగలవని కేంద్రప్రభుత్వపు లెక్క. ఈ దృష్టితోనే 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలు, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగములతో కలిపి, 4వ జాతీయ జలమార్గముగా ప్రకటింపబడెను.

స్తంభముల నడుమ మరల పడవలు సాగునని మేము ఆశపెట్టము. త్వరగా చేరవలసిన కూరగాయలకు లారీయే తగును. కాని బియ్యము, ఇసుక, సిమెంటు వంటి బరువు సరకులు ఒకటి రెండు దినములు ఆలస్యమైనను చెడవు. నగరమునకు ఉత్తరమున, ఆంధ్రతీరమున, పూడిక తీసి లాకులు బాగుచేసినచో అట్టి సరకులకు నీటిదారి తెరువవచ్చును. ఆక్రమణలతో, చెత్తతో కాలువ పూడిపోయినచో ఆ అవకాశమును పోవును. గట్టున నివసించు మనము చెత్త వేయకుండుట, వేయనీయకుండుట ఆ బాటకు మనము తీర్చవలసిన ఋణము.