పట్టా లేని ప్రభువులు

మంద యెంత గొప్పదైనను, అది మేయు పచ్చికపై హక్కు లేనివానిని ప్రభువనుట చెల్లునా అను సందేహము అమెరికా దేశపు పశుప్రభువుల చరిత్ర చదువునప్పుడు అడుగడుగునను కలుగుచుండును. 1865లో అంతర్యుద్ధము ముగిసినది మొదలు 1887 నాటి శీతకాలము వఱకు, దక్షిణమున టెక్సస్ తీరము నుండి ఉత్తరమున మొంటానా కొండల వఱకు వ్యాపించిన మైదానములలో, కంచె గాని గట్టు గాని యెఱుగని బయళ్లపై వేలకొలది పశువులను విడిచి, వాని చర్మముపై కాల్చిన ముద్ర యొక్కటియే తమ స్వామిత్వమునకు సాక్ష్యముగా మెలగిన కొందఱు పురుషులను ఆ దేశపు పత్రికలు పశురాజులని కీర్తించినవి. నవలాకారులు వారికి సింహాసనములు వేసిరి. చలనచిత్రములు కిరీటములు పెట్టినవి. కాని ఆ బయళ్లలో అధికభాగము ప్రభుత్వభూమి. అందు మేసిన గడ్డికి వారిలో పెక్కుమంది కాసైనను చెల్లించి యెఱుగరు. వారి వైభవమును, వారి యుద్ధములును, వారి పతనమును ఈ యొక్క విషయము నుండియే మొలచినవని నా తలంపు.

యుద్ధకాలమున యజమానులు సైన్యములలో చేరి దూరదేశములకు పోగా, టెక్సస్ పొదలలో పొడుగుకొమ్ముల పశువులు అదుపు చేయువారు లేక విచ్చలవిడిగా పెరిగి లక్షల సంఖ్యకు చేరినవి. అక్కడ తల యొక్కింటికి నాలుగు డాలర్లు పలుకుటయే గగనమైన పశువు ఉత్తరపు నగరములలో నలువది డాలర్ల వఱకు అమ్ముడుపోవుచుండెను. ఈ రెంటికి నడుమ నున్నది నడక మాత్రమే. 1867లో జోసెఫ్ మెకాయ్ అను వర్తకుడు కాన్సస్ రాష్ట్రమున ఆబిలీన్ అను కుగ్రామములో రైలుమార్గము ప్రక్కన దొడ్లు కట్టించి బేరమునకు తావు కల్పించుటతో, పది పండ్రెండుగురు కౌబాయిలు రెండుమూడువేల పశువులను దినమునకు పది పదునైదు మైళ్ల చొప్పున నెలల తరబడి తోలుకొనివచ్చు పద్ధతి స్థిరపడినది. దారిపొడవునను మేత ఉచితము. తొందరింపక నడిపించినచో పశువు బక్కచిక్కుటకు మారుగా ఒకింత క్రొవ్వెక్కి మరీ అంగడి చేరెడిది. ఇంతటి సుఖమైన వ్యాపారము లోకమున మఱియొకటి యుండదని అందఱును భ్రమించుటలో వింత లేదు.

ఈ ప్రభువులందఱిలోను రిచర్డు కింగు వేఱుజాతివాడు. 1824లో న్యూయార్కు నగరమున నిరుపేదలైన ఐరిష్ దంపతులకు పుట్టి, బాల్యముననే నగల వర్తకుని యొద్ద ఊడిగమునకు కుదిరి, అచ్చట నిలువలేక దొంగతనముగా ఓడ యెక్కి పాఱిపోయి, తుదకు రియోగ్రాండి నదిపై ఆవిరిపడవలు నడపు కప్తానుగా స్థిరపడిన యీ మనుష్యునకు పశువులతోడి పరిచయము మొదట ఏమియు లేదు. 1853లో దక్షిణ టెక్సస్‌లో సాంతా జెర్త్రూదిస్ అను వాగు ప్రక్కన 15,500 ఎకరముల భూమిని 300 డాలర్లకు, అనగా ఎకరమునకు రెండు సెంట్ల లోపు వెలకు కొనెను. మెక్సికో దేశము ఆ సీమను కోల్పోయి అప్పటికి అయిదేండ్లు మాత్రమే. స్పానిష్ దొరతనము నాటి పట్టాలు చేతనున్న కుటుంబములు క్రొత్త న్యాయస్థానములను నమ్మలేక వచ్చినంతకు అమ్ముకొనుచున్న రోజులవి. ఇతరులు ఊరక దొరకు గడ్డికై పరుగిడుచుండగా, కింగు మాత్రము భూమి కొనుటయే గాని అమ్ముట యెఱుగని వ్రతము పట్టెను. క్షామపీడితమైన క్రూయియాస్ అను మెక్సికను గ్రామమునకు పశువులు కొనబోయి, ఆ యూరి మందనంతయు కొనివేసిన పిదప, పశువులు పోయిన యీ జనులు ఇక నెట్లు బ్రతుకుదురని తోచి, ఊరివారినందఱిని తన వెంట రమ్మని పిలిచెనట. వారు బండ్లు కట్టుకొని పిల్లలతోను కోళ్లతోను తరలివచ్చిరి. వారి సంతతివారు తరతరములుగా ‘కినేన్యో’లను పేర ఆ క్షేత్రముననే పనిచేయుచున్నారు. ఇందు దయ యెంత, గణితమెంత యని విడదీసి చెప్పుట కష్టము. పశువులను కాచు నేర్పు గల కుటుంబములు అంతకంటె చౌకగా ఇంకెక్కడ దొరకును?

1885లో కింగు మరణించునప్పటికి ఆఱులక్షల ఎకరములకు పైబడిన భూమియు, అయిదులక్షల డాలర్ల అప్పును మిగిలినవి. భార్య హెన్రియెట్టా, అల్లుడు రాబర్టు క్లీబర్గు కలిసి అప్పు తీర్చి, భూమిని మఱింత పెంచిరి. నాటి మహాక్షేత్రములలో ఇంత చెక్కుచెదరక నిలిచినవి బహు స్వల్పము.

చార్లెస్ గుడ్‌నైట్ కథ యింతకంటె రసవత్తరము. కౌబాయిల దండునకు వంటసామగ్రి మోయు బండిని కల్పించినవాడితడే. తన భాగస్వామియైన ఆలివర్ లవింగు 1867లో కొమాంచీలను ఆదివాసుల చేతి గాయములతో మరణింపగా, అతనికిచ్చిన మాట చెల్లించుటకై శవమును వందలకొలది మైళ్ల దూరము బండిపై టెక్సస్‌కు చేర్చినవాడును ఇతడే. 1876లో పాలోడ్యూరో అను లోయలోనికి 1,600 పశువులను దింపి, జాన్ అడైర్ అను ఐర్లండు భూస్వామి పెట్టుబడితో, పది లక్షల ఎకరములకు మించిన క్షేత్రమును లక్ష పశువులను పాలించెను. కాని ఆ లోయ నిర్జనముగా లభించినది కాదు. రెండేండ్ల క్రితమే అమెరికా సైన్యము అచ్చట విడిసియున్న కొమాంచీలపై బడి, వారిని తరిమి, చేజిక్కిన గుఱ్ఱములలో వేయికి పైగా కాల్చి చంపి, వారు మరల నిలువలేకుండ జేసినది. అడవిదున్నలను వేటగాండ్రు తోళ్లకై ఆ యేండ్లలోనే తుడిచిపెట్టుచుండిరి. గుడ్‌నైట్ భార్య మేరీ దిక్కులేని దున్నపెయ్యలను చేరదీయుమని భర్తను వేడి, వాని వంశము నిలుపుట యొక్కటియే యీ వృత్తాంతమున మనసునకు చల్లగా తోచు ఘట్టము.

ఇట్టివారి లాభముల మాట సముద్రము దాటినది. 1881లో జేమ్స్ బ్రిస్బిన్ అను సైన్యాధికారి ఈ వ్యాపారమున ధనవంతులగు మార్గమును బోధించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. ఎడింబరో నగరమున తమ జీవితములో పొడుగుకొమ్ముల పశువును చూడని విధవలును న్యాయవాదులును వ్యోమింగు మందలలో వాటాలు కొనిరి. 1885లో స్థాపితమైన ఎక్స్.ఐ.టి. క్షేత్రమునకు మూలము మఱియొక వింత: ఆస్టిన్ నగరములో శాసనసభా భవనము కట్టించుటకు ధనము లేని టెక్సస్ ప్రభుత్వము, కట్టించిన చికాగో వర్తకులకు కూలిక్రింద ముప్పదిలక్షల ఎకరములు ధారవోసెను. మందలు అమ్మునప్పుడు పశువులను ఎదుట నిలిపి లెక్కించుట మాని, ఖాతాపుస్తకములోని సంఖ్యనే ప్రమాణముగా గైకొను ఆచారము ప్రబలెను. పుస్తకములోని ఆవు ఏటేట తప్పక ఈనుచుండును, దానికి చలి లేదు, చావు లేదు.

బయటి ఆవునకు రెండును గలవు. 1886 వేసవిలో వాన లేక గడ్డి మాడినది. ఆపై వచ్చిన శీతకాలమున మంచు కురిసి, కరిగి, మరల గట్టిపడి పచ్చికపై రాతిపలకవలె పఱచుకొన్నది. మితిమీఱి నింపిన బయళ్లలో పశువులు మంచు త్రవ్వలేక, ముళ్లతీగల కంచెలకు ఒరిగి గుంపులుగుంపులుగా చచ్చినవి. తన మంద యెట్లున్నదని యడిగిన యజమానికి, చార్లీ రసెల్ అను పశువులకాపరి మాటలతో జవాబు వ్రాయక, డొక్కలంటుకొనిపోయి తోడేళ్ల నడుమ నిలిచిన యొక్క యావు బొమ్మను చిత్రించి పంపించెను. ఆ చిత్రముతోనే చిత్రకారుడుగా అతని ఖ్యాతి మొదలైనది. స్వాన్ అను పెద్ద పశువుల కంపెనీ మునిగినది. పిమ్మట అధ్యక్షుడు కానున్న థియొడోర్ రూజ్‌వెల్టు సైతము డకోటాలోని తన మందలో అధికభాగమును పోగొట్టుకొనెను.

దెబ్బతిన్న ప్రభువు కంటె భయంకరుడు లేడు. 1862 నాటి చట్టము క్రింద 160 ఎకరముల కమతము పొందిన చిన్నకాపులు నీటివాగుల ప్రక్కన కంచెలు వేయ నారంభింపగా, వ్యోమింగు పశుయజమానుల సంఘము వారినందఱిని పశుచోరులని నిందించెను. ముద్ర లేని దూడలన్నియు సంఘమునకే చెందునని 1884లోనే శాసనము చేయించుకొనియుండిరి. స్వంతముగా నాలుగు పశువులుంచుకొన్న కౌబాయికి పని దొరకనీయకుండిరి. 1892 ఏప్రిలులో షయెన్ నగరము నుండి, టెక్సస్ నుండి కూలికి తెచ్చిన తుపాకిదారులతో కలిపి సుమారు ఏబదిమంది, చంపవలసినవారి పేర్ల పట్టికతో ప్రత్యేకపు రైలుబండిలో బయలుదేరిరి. జాన్సన్ మండలమున నేట్ ఛాంపియన్ అను చిన్నకాపు దినమంతయు ఒక కొయ్యగుడిసెలో నుండి పోరాడుచు, నడుమ నడుమ జరుగుచున్నదంతయు చిన్నపుస్తకములో వ్రాసికొనుచు, తుదకు వారు గుడిసెకు నిప్పంటింపగా వెలికి పరుగెత్తి కూలెను. ఊరివారు వందలుగా కూడి ఆ దండును ముట్టడించిన పిమ్మట ప్రభువులను రక్షించుటకు అధ్యక్షుడు హారిసన్ సైన్యమును పంపెను. మరుసటి యేడు జనవరిలో, విచారణవ్యయము భరించుటకు మండలమునకు శక్తి లేకపోగా, వ్యాజ్యము కొట్టివేయబడినది.

నెల్లూరి సీమలో కాటమరాజు కథ వినినవారికి ఈ తగవు అపరిచితము కాదు. పదమూడవ శతాబ్దమున యాదవప్రభువు కఱవునకు తాళలేక ఆలమందలతో వచ్చి నెల్లూరి రాజు నల్లసిద్ధి బీళ్లలో మేపుకొనగా, పుల్లరిపై పుట్టిన వివాదము పాలేటి యొడ్డున యుద్ధమై ఖడ్గతిక్కనను బలిగొన్నదని ఆ గాథ చెప్పును. కాని అచ్చట పచ్చికకు రాజు కలడు, పుల్లరికి ఒడంబడిక కలదు. అమెరికా ప్రభుత్వము అడవిబీళ్లకు పుల్లరి యడుగుటకు 1906 వఱకు ఆగెను. తక్కిన బయళ్లకు 1934లో టేలర్ చట్టము వచ్చుదాక కట్టుబాటే లేదు. అడుగువాడు లేని చోట, మొదట వచ్చినవాడు తానే రాజుననుకొనుట సహజమే కదా.

ఈ సహజమును సాహిత్యము ధర్మముగా మార్చినది. ఓవెన్ విస్టర్ అను ఫిలడెల్ఫియా యువకుడు 1885 వేసవిలో మేజర్ వుల్కాట్ అను పశుయజమాని యింట అతిథిగా నుండెను. ఆ వుల్కాటే ఏడేండ్ల తరువాత జాన్సన్ మండలముపై దండు నడపినవాడు. 1902లో వెలువడిన విస్టర్ నవల ‘ది వర్జీనియన్’లో జడ్జి హెన్రీ అను క్షేత్రస్వామి, పశుచోరులను విచారణ లేక ఉరితీయుట తప్పుకాదని ఒక ఉపాధ్యాయినికి ఓపికగా బోధించును. ఇంచుమించు తరువాతి కౌబాయి కథలన్నిటికి తల్లి యని చెప్పదగిన ఆ గ్రంథము, ఆతిథ్యమిచ్చినవారి వరండాలో కూర్చుండి చూచిన చూపు. ఎదుటి పక్షము వాదమును ‘షేన్’ తరమువారు చెప్పిరి. 1953లో వచ్చిన ఆ చలనచిత్రమున పశుప్రభువు రైకరు, తానే యీ సీమను మచ్చిక చేసితినని వాదింపగా, నీకు ముందును మనుష్యులుండిరి కదా యని కాపు బదులుచెప్పును. ‘రెడ్ రివర్’ చలనచిత్రములో పశుప్రభువు డన్సన్ ఏరు దాటి పచ్చికను చూచి నాదనును, అది తన దొరదని అడ్డుపడిన మెక్సికనును కాల్చివేయును. దర్శకుడు హాక్స్ ఆ ఘట్టమును దాచలేదు గాని, ప్రేక్షకులు దానిని మఱచుటకు కావలసినంత వ్యవధి ఇచ్చెను.

ఈ కథల ప్రభువునకు వారసుని బెంగ తఱచు. డన్సన్‌కు పెంపుడుకొడుకే శత్రువగును. ఎడ్నా ఫెర్బర్ నవల ‘జయంట్’లో లక్షల ఎకరముల బెనెడిక్టు కుమారుడు వైద్యుడై మెక్సికను పిల్లను పెండ్లాడును. బయలు తనది కాదను లోలోపలి యెఱుకయే నవలాకారుని చేత ఈ బెంగగా వ్రాయించినదేమో.

కథలలో మాత్రము ఆవులకు ముఖము లేదు. కింగువలెనే దొంగగా ఓడయెక్కి 1853లో టెక్సస్ చేరి, బ్రతికియుండగనే తన శిలావిగ్రహమును తానే చెక్కించుకొన్న ‘షాంఘై’ పియర్స్ అను పశుప్రభువు, పిడుదులవలన వచ్చు జ్వరమునకు హిందూదేశపు పశువులే తాళునని చివఱినాళ్లలో పట్టుబట్టెను. 1906లో అతని మేనల్లుడు బోర్డెన్ మన దేశము నుండి పశువులను ఓడపై తెచ్చి 33 మాత్రము దింపగలిగెను. నెల్లూరు, గిర్, గుజరాతు జాతుల రక్తముతో రూపొందిన మూపురపు సంతతిని షార్ట్‌హార్న్ ఆవులతో కలిపి కింగు వారసులు సాధించిన సాంతా జెర్త్రూదిస్ జాతిని 1940లో ప్రభుత్వము గుర్తించినది. బ్రెజిల్ దేశమున నేడు మాంసమునకై పెంచు మందలలో అత్యధికము మన నెల్లూరి పేరనే ‘నెలోరి’ యనబడు జాతివే. అచ్చటి పశుస్వాములలో పలువురు అమెజాను అడవి నఱికి పచ్చిక మొలిపించి, ముందు మందను తోలి, పట్టా సంగతి పిమ్మట చూచుకొనుచున్నారు.