యంత్రం చెప్పిన సాక్ష్యం

వెనకటి రోజుల్లో చంటిపిల్ల ఉన్నట్టుండి వాంతులు చేసుకుని పాలు తాగడం మానేస్తే దిష్టి తగిలిందనేవారు. ఎవరి దిష్టి? ఆ పూట ఇంటికొచ్చిన ఆడమనిషి ఎవరో ఆవిడది! పాపం, ఆవిడ బిడ్డ బుగ్గ పుణికి వెళ్ళిందంతే. ఇప్పుడు చదువుకున్నాం, అలాంటి మాటలు నమ్మం అనుకుంటాం. కానీ బిడ్డకి ఏదైనా అయితే మొదటి చూపు ఆడదాని మీదికే పోయే అలవాటు అంత తొందరగా పోయేది కాదు. ఆ అలవాటుకి ఓ యంత్రం వంత పాడితే ఏమవుతుందో అమెరికాలో ఒక తల్లి అనుభవించింది. ఇది కథలా ఉంటుంది గానీ కథ కాదు, జరిగిన చరిత్ర.

1989 జూలైలో మిస్సోరీ రాష్ట్రంలో ప్యాట్రీషియా స్టాలింగ్స్ అనే ఆవిడ మూడు నెలల కొడుకుని ఎత్తుకుని సెయింట్ లూయిస్ నగరంలో ఆస్పత్రికి పరుగెత్తింది. వాంతులు, ఎగశ్వాస. డాక్టర్లు రక్తం తీసి పరీక్షకి పంపారు. వచ్చిన జవాబు వింటే ఏ తల్లికైనా కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. రక్తంలో ఇథిలీన్ గ్లైకాల్ ఉందిట! చలిదేశాల్లో కారు ఇంజన్లో నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే తియ్యటి విషం అది. మూడు నెలల పసివాడు పాకనైనా పాకలేడు. మరి విషం నోట్లోకి ఎలా వెళ్ళింది? ఎవరో పోసి ఉండాలి. పాలు పట్టేది ఎవరు? తల్లి!

పిల్లాడు తేరుకున్నాడు గానీ ఇంటికి రాలేదు. వాణ్ణి ప్రభుత్వం వేరేవాళ్ళ సంరక్షణలో ఉంచింది. తల్లి వెళ్ళి చూసి రావచ్చు, అంతే. అలా చూడబోయిన ఒకనాడు ఆవిడ సీసాతో పాలు పట్టింది. తర్వాత కొద్దిరోజులకే వాడు మళ్ళీ జబ్బుపడ్డాడు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ అదే జవాబు. బయటి లేబరేటరీ ఒకటి కూడా అదే మాట చెప్పింది. సెప్టెంబరు 7న పిల్లాడు పోయాడు. కన్నతల్లి మీద హత్యానేరం పడింది.

ఇంతకీ ఆ జవాబు చెప్పింది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం. పేరు చూసి భయపడకండి. దాని పుట్టుక చాలా ముచ్చటైనది. మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1900ల తొలి ఏళ్ళలో వార్సాలో పనిచేస్తూ, గాజుగొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకుల రంగు కరిగిన ద్రావకం పోశాడు. ఒకటే ఆకుపచ్చ అనుకున్నది దిగుతూ దిగుతూ ఆకుపచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది! ఆ పద్ధతికి ఆయన క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. అంటే రంగులరాత. 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు ద్రావకం బదులు ఆవిరిని గొట్టంలోకి పంపి, గాలిలో కలిసే కొన్ని ఆమ్లాలని విడదీసి చూపించారు. వాటిలో ప్రొపియోనిక్ ఆమ్లం ఒకటి. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి.

యంత్రం పనిచేసే తీరు మన బజారు వీధిలాంటిదే. వీధి మొదట్లో పదిమంది ఆడవాళ్ళని ఒక్కసారిగా వదిలారనుకోండి. ఒకావిడ ఎక్కడా ఆగకుండా చకచకా అవతలికి తేలుతుంది. ఇంకొకావిడ గాజుల కొట్టు దగ్గరా, చీరల కొట్టు దగ్గరా ఆగి, బేరాలాడి, అందరికన్నా చివర వస్తుంది. వీధి చివర గడియారం పట్టుకుని ఒకాయన కూచున్నాడు. ఆయన మొహాలు చూడడు. "ఆరో నిమిషానికి వచ్చింది గనక ఈవిడ సుబ్బలక్ష్మి" అని రాసుకుంటాడు. మరి సరిగ్గా ఆరో నిమిషానికే వెంకటలక్ష్మి వస్తే? ఆవిణ్ణి కూడా సుబ్బలక్ష్మి అనే రాస్తాడు!

తల్లి ఖైదులో ఉండగానే 1990 ఫిబ్రవరిలో రెండో కొడుకు పుట్టాడు. వాణ్ణీ తీసుకుపోయి వేరేవాళ్ళ దగ్గర పెట్టారు. తల్లి చేతి పాలచుక్క వాడి నోట పడే వీలే లేదు. అయినా అన్నకి వచ్చిన లక్షణాలే వాడికీ వచ్చాయి. డాక్టర్లు తేల్చిన జబ్బు పేరు మిథైల్‌మలోనిక్ ఎసిడీమియా. తిన్న మాంసకృత్తుల్లో కొన్నిటిని శరీరం చివరిదాకా అరిగించుకోలేక సగంలో ఆగిపోతుంది. అలా ఆగినచోట ఆమ్లాలు పేరుకుంటాయి. పేరుకునేవాటిలో ప్రొపియోనిక్ ఆమ్లం కూడా ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఇంకేం, తల్లిని వదిలేసి ఉంటారనుకుంటున్నారా? వదల్లేదు. చిన్నవాడికి ఉంటే పెద్దవాడికీ ఉన్నట్టేనా అన్నారు. పైగా యంత్రం సాక్ష్యం ఉందాయె! పెద్దవాడూ ఆ జబ్బుతోనే పోయి ఉండొచ్చన్న మాట జూరీ ముందుకి సరిగా రానేలేదు. 1991 జనవరిలో దోషి అన్నారు. యావజ్జీవ ఖైదు వేశారు.

ఆ ఏడే ఈ సంగతి టెలివిజన్‌లో వస్తే సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రాచార్యుడు విలియం స్లై చూశాడు. చూసి ఊరుకోలేదు. తన సహోద్యోగి జేమ్స్ షూమేకర్‌కి చెప్పాడు. దాచి ఉంచిన పిల్లాడి రక్తాన్ని షూమేకర్ మళ్ళీ పరీక్షించాడు. ఈసారి వీధి చివర గడియారం ఒక్కటే లేదు, మాస్ స్పెక్ట్రోమీటరు కూడా ఉంది. దాని పూర్వరూపాన్ని 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ తయారుచేశాడు. ఇప్పుడు వాడే యంత్రం వచ్చిన పదార్థాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క బరువు తూస్తుంది. ఊరగాయ జాడీ పగిలితే వచ్చే పెంకులు వేరు, మట్టికుండ పగిలితే వచ్చే పెంకులు వేరు కదా! పెంకులు చూసి పగిలిందేదో మనం చెప్పగలిగినట్టే అదీ చెబుతుంది. ఈ రెండు యంత్రాలకీ ముడి వేసింది అమెరికాలోని డౌ కంపెనీలో పనిచేసిన గోల్కీ, మెక్లాఫర్టీ. అదీ 1950ల నడుమనే!

పిల్లాడి రక్తంలో ఉన్నది విషం కాదు, ప్రొపియోనిక్ ఆమ్లమని తేలింది. షూమేకర్ అంతటితో ఆగక ఆ ఆమ్లం కలిపిన నమూనాలని కొన్ని లేబరేటరీలకి పంపాడు. వాటిలో కొన్ని, ఇది ఇథిలీన్ గ్లైకాలే అని నిక్షేపంలా రాసి పంపాయి! యేల్ విశ్వవిద్యాలయంలో పియెరో రినాల్డో కూడా విడిగా పరిశీలించి, బిడ్డ జబ్బుతోనే పోయాడన్నాడు. 1991 సెప్టెంబరు 20న ప్రాసిక్యూటరు జార్జి మెక్‌ఎల్రాయ్ నేరారోపణ ఎత్తేసి, ఆవిడకి క్షమాపణ చెప్పాడు. చిన్నవాడు తల్లి ఒళ్ళోకి వచ్చాడు.

నిజం చెప్పగలిగిన జంట యంత్రాలు పుట్టి అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటింది. లేనిదల్లా అడిగే మనిషి. ఒక లేబరేటరీ చెప్పిందే ఇంకొకటీ చెప్పిందని అందరూ తృప్తిపడ్డారు. ఇద్దరు సాక్షులు ఒకే కిటికీలోంచి తొంగిచూస్తే అది రెండు సాక్ష్యాలవుతుందా?

ఇవాళ అమెరికాలో పుట్టిన పిల్లల మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు తీసి, ఇలాంటి జబ్బులున్నాయేమో ముందే చూస్తున్నారు. అందులో పనిచేసేదీ మాస్ స్పెక్ట్రోమీటరే. మన దేశంలో ఇది ఇంకా అన్ని ఆస్పత్రుల్లోనూ వాడుకలోకి రాలేదు. మేనరికాలూ, అక్కకూతుర్ని చేసుకోవడాలూ ఎరిగిన మనకి ఈ పరీక్ష మరీ అవసరం. దగ్గర చుట్టరికాల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ఇళ్ళల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పోతే, "దాని కడుపు మంచిది కాదు" అని కోడల్ని ఆడిపోసుకున్న అత్తగార్లు ఎంతమంది లేరు? వాళ్ళ చేతిలో లేబరేటరీ కాగితం లేదు, అంతే తేడా.