గొట్టం మార్చుకునే రివాల్వర్: ఆరు థౌల కథ

ఇది తుపాకీ మీద పోస్టే గానీ కాల్పుల మీద కాదు. నా దగ్గర తుపాకీ లేదు, కొనే ఆలోచనా లేదు. మెషీన్ షాపులో పని చేసేవాణ్ణి కాబట్టి ఏ వస్తువు చూసినా "దీన్ని ఎవరు బిగించారు, ఎలా బిగించారు" అన్నదే ముందు తోస్తుంది. నేనుండే పశ్చిమ మసాచుసెట్స్‌లో ఆ ప్రశ్నకి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు పారిస్ వెళ్దాం. 1785లో థామస్ జెఫర్సన్ అక్కడ అమెరికా రాయబారి. ఒక పనివాడు తుపాకీ లాకుల ముక్కలన్నీ అచ్చు ఒకేలా చేస్తున్నాడని విని చూడ్డానికి వెళ్ళాడు. ఆ పనివాడి పేరు ఓనొరే బ్లాంక్. యాభై లాకుల ముక్కలు విడివిడిగా పెట్టి ఉంటే, జెఫర్సన్ చేతికందిన ముక్క తీసుకుని స్వయంగా కొన్ని లాకులు బిగించాడు. అన్నీ చక్కగా కూర్చున్నాయి. ఆ సంగతి స్వదేశానికి ఉత్తరం రాశాడు.

ఇందులో వింత ఏముంది అంటారా? అప్పటిదాకా తుపాకీ అంటే ఒక్కొక్క ముక్కనీ పక్క ముక్కకి తగ్గట్టు ఆకురాయితో రాసి రాసి కూర్చోబెట్టడమే. ఒక తుపాకీ ముక్క ఇంకోదానికి పట్టదు. యుద్ధంలో స్ప్రింగు విరిగితే పనివాడి దగ్గరికి పోవాల్సిందే. జెఫర్సన్ కమ్మరి కాడు, ఫిట్టర్ కాడు. ఆయన చేత్తో లాకు కుదిరిందంటే, పనితనం మనిషి చేతిలోంచి ముక్కలోకి వెళ్ళిందన్నమాట.

ఆ ఆలోచన అమెరికాలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో వేళ్ళూనింది. మా దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1794లో ఒకటి మొదలైంది. ఇంకోటి అప్పటి వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ. అక్కడ జాన్ హాల్ అనే ఆయన 1820లలో ప్రతి కొలతకీ ఒక గేజి చేయించి పెట్టుకున్నాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆయన రైఫిళ్ళని విప్పి, ముక్కలన్నీ కలిపేసి, మళ్ళీ బిగించి చూశారు, కుదిరాయి. అప్పట్నించీ ముక్క మంచిదా కాదా అని చెప్పేది మేస్త్రి కన్ను కాదు, గేజి.

ఇందులో లాభం ఎవరికి? సైన్యానికి, కంపెనీకి. పనివాడికి మాత్రం చేదు కూడా ఉంది. ముక్కలు మారతాయంటే మనుషులూ మారతారు. సముద్రం దాటొచ్చి మెషీను ముందు నిలబడ్డ మనలాంటి వాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఒకరి చోటుకి వచ్చాను, నా చోటుకి ఇంకొకరు వస్తారు.

ఇంత జరిగినా రివాల్వర్‌లో ఒక ముక్క మాత్రం మొండికేసింది. అదే బ్యారెల్, గొట్టం. మామూలు రివాల్వర్‌లో బ్యారెల్‌ని ఫ్రేములోకి మరలా తిప్పి గట్టిగా బిగిస్తారు. బిగిసేసరికి పైన ఉన్న గురికాయ నిలువుగా నిలబడాలి. వెనక వైపు, తూటాలుండే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు వెంట్రుకంత ఉండాలి. సందు ఎక్కువైతే మందు పొగ పక్కలకి చిమ్ముతుంది. తక్కువైతే వేడికీ మసికీ సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. రెండూ ఒకేసారి కుదరాలంటే అనుభవం ఉన్న ఫిట్టర్ కావాలి. కొన్నవాడు ఇంట్లో చేసుకునే పని కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీని 1968లో మూసేశారు. సరిగ్గా అదే సంవత్సరం, అక్కడికి తూర్పున మాన్సన్ అనే చిన్న ఊళ్ళో డాన్ వెసన్ ఆర్మ్స్ అనే కంపెనీ పుట్టింది. పెట్టినాయన డేనియల్ వెసన్, స్మిత్ అండ్ వెసన్ స్థాపకుల్లో ఒకరికి మునిమనవడు. ముత్తాత కంపెనీ 1965లో వేరేవాళ్ళ చేతికి పోయింది, ఈయన సొంతంగా మొదలెట్టాడు. బ్యారెల్ చిక్కుముడి విప్పిన డిజైనర్ కార్ల్ లూయిస్.

ఉపాయం తేలికే. ఒకే ముక్కని రెండు చేశాడు. లోపల రెండు చివర్లా మరలున్న సన్నటి గొట్టం, దాని మీద గురికాయ ఉన్న తొడుగు, మూతి దగ్గర ఒక నట్టు. తొడుగు ఫ్రేముకున్న పిన్ను మీద కూర్చుంటుంది కాబట్టి గురికాయ ఎప్పుడూ నిలువే. ఇక మిగిలింది సందు ఒక్కటే. దానికోసం పెట్టెలో ఒక స్పానరూ, 0.006 అంగుళాల మందం ఉన్న రేకు గేజీ ఇచ్చారు. మన లేత్ షాపు భాషలో ఆరు థౌ, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు. రెండున్నర, నాలుగు, ఆరు, ఎనిమిది అంగుళాల బ్యారెళ్ళతో కలిపి ఒకే పెట్టెలో కూడా అమ్మారు.

మా షాపులో ఒక పెద్దాయన దగ్గర అలాంటిది ఉంది. ఆయన చెప్పిన వరస ఇది. మొదట సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూడాలి. స్పానర్‌తో నట్టు వదులు చేసి తొడుగు లాగేయాలి, గొట్టం చేత్తోనే తిరిగి వచ్చేస్తుంది. మరల్లో మసి, సిలిండర్ ముందు ముఖం మీద మసి శుభ్రంగా తుడవాలి. ఆ మసి ఉంటే గేజి అబద్ధం చెప్తుంది. తర్వాత సిలిండర్ మూసి, గేజి పెట్టి, గొట్టాన్ని గేజికి ఆనేదాకా తిప్పాలి. తొడుగు వేసి నట్టు బిగించాలి. అక్కడితో అయిపోలేదు. నట్టు బిగిసేటప్పుడు గొట్టం కాస్త ముందుకి లాగబడుతుంది, అందుకని మళ్ళీ గేజి పెట్టి, సిలిండర్ తిప్పుతూ ఆరు గదుల దగ్గరా చూడాలి. కాలుస్తుంటే నట్టు వదులయ్యే అవకాశం ఉంది కాబట్టి దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

ఈ డిజైన్‌లో ఇంకో మేలు జరిగింది. రెండు చివర్లా పట్టి లాగినట్టు బిగువుగా ఉండడం వల్ల గొట్టం నిలకడగా ఉంటుంది, గురి బాగా కుదురుతుంది. దూరంగా నిలబెట్టిన ఇనుప బొమ్మల్ని కొట్టే పోటీల్లో ఈ రివాల్వర్లకి మంచి పేరు వచ్చింది.

వెసన్ 1978లో పోయారు. తర్వాత కంపెనీ తడబడి 1990ల మధ్యలో మూతపడింది. కొత్త యజమాని న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌కి తీసుకెళ్ళాడు, 2005లో సీజెడ్-యూఎస్‌ఏ కొనేసింది. పాత రివాల్వర్లు చేతులు మారేటప్పుడు చాలాసార్లు స్పానరూ గేజీ పోతాయి. అప్పుడు కొన్నవాళ్ళు మామూలు ఫీలర్ గేజిలో ఆరు థౌల రేకు వాడుకుంటారు.

నాకు నచ్చింది ఇక్కడే. నూట ఎనభై ఏళ్ళు గేజి ఫ్యాక్టరీ చేతిలో ఉంది, పనివాడి మీద తీర్పు చెప్పడానికి. ఈ ఒక్క పెట్టెలో దాన్ని వాడుకునేవాడి చేతిలో పెట్టారు. పనితనం అక్కర్లేదని కాదు, "ఇక నువ్వే ఫిట్టర్‌వి, కొలిచి బిగించు, బాధ్యత కూడా నీదే" అని. వస్తువు నచ్చినా నచ్చకపోయినా, ఆ నమ్మకం విలువ కొలతలతో బతికేవాళ్ళకి తెలుస్తుంది.