నమూనా యంత్రం నేర్పిన పాఠం

1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభం కావడంతో యాలాల్ పొరుగునున్న తాండూరుకు ఆవిరి రైలింజను వచ్చింది. అయితే ఆవిరి యంత్రాల చరిత్రలో ఒక చిన్న నమూనాకు పెద్ద స్థానం ఉందని మీరు గమనించాలి.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని న్యూకొమెన్ యంత్ర నమూనాను 1763–64లో జేమ్స్ వాట్ బాగుచేశాడు. కొద్ది స్ట్రోకులకే అది ఆవిరి చాలక ఆగిపోయేది. ప్రతిసారీ చల్లబడే సిలిండరును తిరిగి వేడిచేయడానికే ఆవిరి చాలావరకు ఖర్చయ్యేది. చిన్న సిలిండరుకు ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. అందుకే ఈ లోపం నమూనాలో స్పష్టంగా బయటపడింది. 1765లో వాట్ ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చే ఉపాయం కనుగొన్నాడు.

మీరూ నమూనా చేయదలిస్తే ఊగే సిలిండరు యంత్రంతో మొదలుపెట్టండి. సిలిండరే ఊగుతూ ఆవిరి దారులను తెరిచి మూస్తుంది కనుక విడిగా వాల్వు అక్కరలేదు. ముందు పంపు గాలితో నడపండి. బాయిలరు ప్రమాదం ఉండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వాట్‌కు లోపం చిన్న నమూనాలోనే ఎందుకు స్పష్టంగా కనబడింది?